ఊరు చెప్పని నీలం

దువ్వూరు పైఅడవి శిబిరం,
జులై నెలాఖరు

మామకు రూప నమస్కారాలు.

కనపడింది మామా! రెండేళ్ళుగా నేను ఏ సాలీడు కోసం ఈ కొండల్లో కాళ్ళరిగేలా తిరుగుతున్నానో, దేని మాటెత్తితే నువ్వు "సాలెపురుగు కోసం పెద్ద చదువెందుకు, మీయమ్మ అటక మీద కావాల్సినన్ని ఉన్నాయి" అని ఎగతాళి చేస్తావో, అది నిన్న సాయంత్రం నా కళ్ళెదుటికొచ్చి కూర్చుంది. ఇక్కడ ఫోన్ పలకదు. సోమవారం బియ్యం, కూరగాయలు తెచ్చే జీపులో ఈ ఉత్తరం దువ్వూరు పోస్టాఫీసుకు పోతుంది. అందేదాకా ఆగలేను కానీ ఆగక తప్పదు.

ఆడది. కాళ్ళు చాచితే నా అరచెయ్యి నిండా ఉంటుంది. వీపు మీద ఆకు ఈనెల్లాంటి తెల్లని ముగ్గు. కాళ్ళ అడుగున పసుపు మచ్చలు. మిగతా ఒళ్ళంతా నీలం. ఎలాంటి నీలమంటే చెప్పలేను. నీ నగల అంగట్లో పెరిగినదాన్ని, రాళ్ళ పేర్లన్నీ వచ్చు, అయినా దీనికి పేరు దొరకలేదు. నీడలో ఉన్నప్పుడు బొగ్గులాగా ఉంది, టార్చి వెలుగు పడేసరికి భగ్గుమంది.

ఇది వల పన్నదు మామా. పాత చెట్టు తొర్రలో పట్టు పరుచుకుని కాపురముంటుంది. మసకచీకటి పడగానే గుమ్మంలోకి వచ్చి ముందుకాళ్ళు బయటపెట్టి కూర్చుంటుంది. ఎనిమిది కళ్ళుండీ సరిగ్గా చూడలేదు. బెరడు మీద పురుగు నడిస్తే ఆ కదలిక కాళ్ళ మీది రోమాలకు తెలుస్తుంది, అంతే, మరుక్షణం పురుగు ఉండదు. ఆడది పన్నెండేళ్ళ దాకా బతుకుతుంది. మగది మూడు నాలుగేళ్ళకే పోతుంది. కొత్తగా నాటిన చెట్లు దీనికి పనికిరావు, వాటికి తొర్రలుండవు. చెట్టు ముసలిదైతేనే దీనికి ఇల్లు. ముసలి చెట్లు తగ్గిపోయే కొద్దీ ఇదీ తగ్గిపోతోంది.

వాచరు జగదీష్ నాతోపాటు చూసి, "మేడమ్, ఇంత చిన్నదానికి ఇంత సోకు ఎందుకంట?" అన్నాడు. నాకూ తెలీదన్నాను.

నీ రూప

---

ప్రొద్దుటూరు,
ఆగస్టు

చిరంజీవి రూపకు మామ వెంకటరమణయ్య ఆశీస్సులు.

ఉత్తరం అంది, అంగడి గద్దె మీదే చదివాను. గిరాకీలు కూర్చునుంటే కూడా ఆపలేదు. మీయమ్మ బడికి పోతూ నిన్ను నా దగ్గర వదిలిపెడితే, స్టూలెక్కి కూర్చుని వచ్చినవాళ్ళకల్లా "ఇది సింహళం నీలం, ఇది బర్మా కెంపు" అని అప్పజెప్పిన పిల్లవి నువ్వేనా ఒక రంగుకు పేరు తెలీదని రాసేది? పరువు తీశావు.

ఉత్తరం మన మీనా పనివాడు అలీ అహ్మద్‌కు కూడా చదివి వినిపించాను. అతను పని పక్కన పెట్టేశాడు. "సామీ, పతకం చేద్దాం. పాప పెద్ద చదువు అయిపోయేనాటికి మెడలో ఏద్దాం. కానీ కాలికి ఎన్ని కీళ్ళుంటాయో, కోరలు యాడుంటాయో అడుగు. ఊరికే చేస్తే అది సాలీడు కాదు, ఎండ్రకాయ అయితాది" అన్నాడు. కాబట్టి వివరంగా రాయి. బొమ్మలు గీసి పంపు.

రంగు సంగతే తేలడంలేదు. మీనా గాజుపొడుల్లో ఉన్న నీలాలన్నీ బంగారం మీద అద్ది కాల్చి చూశాడు, ఒకటి మందుసీసా రంగు, ఇంకొకటి బడిపిల్లల సిరా రంగు. నువ్వు చెప్పిన భగ్గుమనడం దేంట్లోనూ లేదు. దాన్ని చూడకుండా ఆ రంగు రాదని తేల్చేశాడు. దాన్ని తీసుకురమ్మని నేను అడగను, నాకు సాలెపురుగంటే భయమని నీకు తెలుసు.

ఇంకొక మాట. అది ఏ చెట్టుది, ఏ గట్టుది? తాతనాటి నియమం మరిచిపోయావా? మన అంగట్లో ఊరు తెలియని రాయి తక్కెడెక్కదు. గిరాకీ నోరు తెరిచి అడక్కముందే రాయి పుట్టిన చోటు చెప్పాలి. అడిగాక చెబితే అది అప్పుడు అల్లిన మాటలాగా ఉంటుందని మా నాయన అనేవాడు. నీ సాలీడుకు కూడా ఊరు చెప్పు.

మీ మామ

---

దువ్వూరు పైఅడవి శిబిరం,
సెప్టెంబరు

మామా,

ఈ ఉత్తరంతో పాటు వస్తున్న పెట్టెను మెల్లగా తెరువు. భయపడకు, ప్రాణం లేదు. నువ్విచ్చిన రాళ్ళ పెట్టెలోనే దూది పరిచి పెట్టాను. అది విడిచిన కుబుసం.

పాములాగే ఇదీ పాత చర్మం వదులుతుంది. వెల్లకిలా పడుకుంటుంది, వీపు మీది పెంకు మూతలాగా లేస్తుంది, అందులోంచి ఒక్కొక్క కాలినే బిగుతు గాజు తీసినట్టు లాక్కుంటుంది. అయ్యాక పాతదాన్ని తొర్రలోంచి బయటికి తోసేస్తుంది. మొన్న చెట్టు మొదట్లో జగదీష్‌కు దొరికింది. చూడు, కాళ్ళ మీది నీలం అలాగే ఉంది. అది అద్దిన రంగు కాదు మామా. రోమాల లోపలి సన్నని పొరలు వెలుగును అలా తిప్పి పంపుతాయి. నూరి పొడి చేస్తే నీలం మిగలదు. కాబట్టి అలీ అహ్మద్ మామును రంగు వెతకొద్దని చెప్పు. పొరలు వెయ్యమను, పలచగా, ఒకదాని మీద ఒకటి.

కాలికి ఏడు ముక్కలు. ముందున్న రెండు పొట్టివి కాళ్ళు కావు, తడిమి చూసుకునే చేతుల్లాంటివి. కోరలు కిందికి దిగుతాయి, పక్కలకు కాదు. పాదాల కింద కుచ్చు రోమాలుంటాయి, అవే దాన్ని నున్నటి బెరడు మీద కూడా పట్టి ఉంచుతాయి. ఈ కుబుసం పొట్ట లోపలి వైపు చూస్తే అది ఆడదో మగదో కూడా తెలుస్తుంది. తెలిసినవాళ్ళకే తెలుస్తుందనుకో.

ఇక ఊరు. ఎర్రవాగు దాటి గట్టెక్కితే, పిడుగు పడి సగం కాలిన నల్లమద్ది ఒకటుంది. దానికి దక్షిణం వైపు తొర్ర, మనిషి ఎత్తుకు కొంచెం పైన. చాలా? తాతయ్య ఒప్పుకుంటాడా?

రూప

---

దువ్వూరు పైఅడవి శిబిరం,
జనవరి

మామా,

నీకు దగ్గర్లో ఉంటే మిఠాయి పంచేదాన్ని. కార్తీకంలో ఒక మగది వచ్చిందని రాశాను కదా, బక్కగా, రంగు వెలిసిపోయి? అది వచ్చిన పని అయింది. నల్లమద్దిలో మనది గుడ్ల సంచి కట్టింది. తెల్లగా, నిమ్మకాయంత. దాన్ని ముందుచేతులతో పొట్ట కింద పొదువుకుని కూర్చుంది. గుమ్మంలోకి రావడం మానేసింది, తిండి కూడా ముట్టడంలేదు. అప్పుడప్పుడూ సంచిని అటూ ఇటూ తిప్పుతుంది.

నా కంట పడిన గుడ్ల సంచి ఇదొక్కటే. పిల్లలు బయటికి వస్తే వంద దాకా ఉండొచ్చు. పక్క చెట్లలో ఖాళీ తొర్రలన్నీ చూసి పెట్టుకున్నాను, ఏది ఎందులో చేరుతుందోనని. జగదీష్ నవ్వుతున్నాడు. "ఇండ్ల స్థలాలు పంచినట్టు పంచుతాండారే మేడమ్!"

రూప

---

ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి

చిరంజీవి రూపకు మామ ఆశీస్సులు.

పతకం అయింది! మీనా ఏడుసార్లు చెడగొట్టి, ఎనిమిదోసారి సాధించాడు అలీ అహ్మద్. పొరలు వెయ్యమన్నావు చూడు, అదే కీలకం. దీపం కిందికి వంచితే భగ్గుమంటోందమ్మా. కాళ్ళకు ఏడేసి ముక్కలు, కదులుతాయి కూడా. గద్దె పక్కన అద్దాల పెట్టెలో పెట్టి, పక్కనే నీ కుబుసం పెట్టాను. అసలూ నకలూ పక్కపక్కనే. బజారంతా వచ్చి చూసిపోతోంది. మీ అత్త మాత్రం ఆ పెట్టె ఉన్నంతవరకూ అంగడి గడప తొక్కనంది.

నిన్న ఒకాయన వచ్చాడు. గండికోట చూడటానికి వచ్చి, జమ్మలమడుగులో దిగాడట. మర్యాదస్తుడు. అందరూ బంగారాన్ని చూస్తారు, ఆయన కుబుసాన్ని చూశాడు. అద్దాల పెట్టెకు ముఖం ఆనించి చూశాడు. తర్వాత పట్టుకోవచ్చా అని అడిగి, జేబులోంచి తన సొంత పట్టకారు తీశాడు. ఎంత పద్ధతిగా పట్టుకున్నాడనుకున్నావు! రాళ్ళు పొదిగేవాడు రాయిని పట్టుకున్నట్టు. ఒక్క రోమం రాలలేదు. నా భూతద్దం అడిగి, తిరగేసి పొట్ట వైపు చూసి తల ఊపాడు. అలీ అహ్మద్ నా చెవిలో, "ఈ మనిషి చేతులు చూడు సామీ, పనోడు" అన్నాడు. నేను మనుషుల ముఖాలు చూసి మోసపోయానేమో గానీ చేతులు చూసి ఎప్పుడూ మోసపోలేదు.

కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆయన అడగనేలేదు, నేనే చెప్పాను. మా మేనకోడలు కనిపెట్టిందని, ఎర్రవాగు అవతల కాలిన నల్లమద్దిలో ఉంటుందని, ఇప్పుడు గుడ్లు పొదుగుతోందని అన్నీ. చేతులు జోడించి, "మీ అమ్మాయి అదృష్టవంతురాలు" అని వెళ్ళాడు. నీ పని విలువ తెలిసినవాడు ఒకడైనా మన అంగడికి వచ్చాడని రాత్రి అన్నం కూడా ఎక్కువ తిన్నాను.

పతకం తీసుకోవడానికి ఎప్పుడొస్తావు?

మీ మామ

---

దువ్వూరు పైఅడవి శిబిరం,
ఫిబ్రవరి

మామా,

నీ ఉత్తరం జీపు దిగేసరికి మేం అన్నం తింటున్నాం. చదివి, చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాను. జగదీష్ ఏమైందని అడుగుతూ వెనకే వచ్చాడు. మూడు రోజులుగా నేను రెండో గట్టు వైపు పనిలో ఉన్నాను. గుడ్ల మీద ఉన్నదాన్ని ఊరికే కదిలించకూడదని, నేనే కావాలని ఆ చెట్టు దగ్గరికి పోలేదు.

దూరం నుంచి చూస్తే చెట్టు బాగానే ఉంది. దగ్గరికి పోతే తొర్ర లేదు. ముఖం కోసేశారు. గడ్డపారతో పగలగొట్టి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేదేమో. సన్నని రంపంతో గుండ్రంగా, అంచు చిట్లకుండా కోసి, లోపలి పట్టుతో సహా, గుడ్ల సంచితో సహా తీసుకున్నారు. ఆయన చేతుల గురించి రాశావు కదా. నిజమే మామా. పనోడే.

కింది తొర్రలో పోయినేటి పిల్లలు రెండుండేవి. నీకు రాయలేదు, ఇంకా పెద్దవి కాలేదని ఆగాను. కోసిన చెక్క పడి నలిగిపోయాయి. జగదీష్ వాటిని ఆకులో తీసుకుని, "ఇవి తీసకపోయేదానికి గూడా పనికి రావనుకున్యారేమో మేడమ్" అన్నాడు.

ఇలాంటివాటిని అద్దాల పెట్టెల్లో పెంచుకునేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళ కోసం పట్టేవాళ్ళు కుబుసం చూస్తే చాలు, ఆడదని, ఈడు వచ్చిందని, ఇక్కడెక్కడో బతికి ఉందని తెలుసుకుంటారు. ఆయనకు ఒక్కటే తెలియలేదు, ఎక్కడన్నది.

ఇంక రాయలేను.

రూప

---

జమ్మలమడుగు,
ఫిబ్రవరి

రూపమ్మకు,

నీ ఉత్తరం చదివిన గంటకే బస్సెక్కి ఇక్కడికొచ్చాను. ఏం చెయ్యాలో తెలీక వచ్చాను. ఆయన పేరు కూడా అడగలేదమ్మా నేను. రాయికి ఊరడుగుతాను, మనిషికి అడగలేదు.

లాడ్జీలన్నీ తిరిగాను. చివరికి బస్టాండు వెనక ఖాతూన్‌బీ అనే ఆమె నడిపే చిన్న లాడ్జీలో ఆనవాలు దొరికింది. "ఆ సారా? గండికోట చూసేదానికి వచ్చినా అన్న్యాడు గానీ ఒక్కనాడు గూడా కోట దిక్కు పోలేదప్పా. పోయేనాడు కారెక్కి, ఒక పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్న్యాడు. సీట్లో పెట్టమంటే పెట్టలా. దానికి సన్నసన్నగా తూట్లుండాయి. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్న్యాడు" అంది. రాసిన పేరు, చిరునామా చూపించింది. పోలీసు స్టేషనుకు పోయి ఇచ్చాను, అటవీశాఖవాళ్ళకూ ఇచ్చాను. అలాంటి చిరునామా లేదని వాళ్ళు అక్కడికక్కడే తేల్చారు.

బస్టాండులో కూర్చుని ఇది రాస్తున్నాను. బస్సులు రెండు వదిలేశాను. నా నోరు అదుపులో ఉంటే అది ఇవాళ తొర్రలో ఉండేది. నువ్వు వచ్చి నన్ను నాలుగు తిట్టి పో. నీ ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేదు, అదే తట్టుకోలేకపోతున్నాను.

మామ

---

పులివెందుల,
మార్చి

మామా,

అమ్మ దగ్గరికొచ్చాను. ఇక్కడ ఫోన్ పలుకుతుంది, నువ్వు చేస్తున్నది కూడా తెలుస్తోంది. ఎత్తలేదు. మాట్లాడితే ఏడుస్తాను, లేదా అరుస్తాను. రాస్తే రెండూ చెయ్యకుండా చెప్పగలను.

తిట్టమన్నావు. చాలా రోజులు మనసులో తిట్టాను. ఆయన అడగనేలేదన్న నీ వాక్యం దగ్గర ఆగిపోయేదాన్ని. అడిగితే చెప్పినా ఇంత కోపం వచ్చేది కాదేమో.

కానీ నీకు తెలియనిది ఒకటుంది. ఈ పనిలో చేరిన రోజే మా పరిశోధన గైడు మాతో ఒట్టు వేయించుకున్నంత పని చేశారు. చెట్టు ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదు, అక్కడినుంచి ఒక్క రోమం కూడా బయటికి పోకూడదు. నీకు కుబుసం పంపిన రోజు నాకిది గుర్తుంది. ఈ మాట నీకూ రాద్దామని కలం పట్టుకున్నాను కూడా. మామకు జాగ్రత్తలు చెప్పడమేంటి, నొచ్చుకుంటాడు అనుకున్నాను. ఎవరికీ అంటే అందులో మామ కూడా ఉంటాడా అనుకున్నాను. ఒక్క వాక్యం రాసి ఉంటే నువ్వు ప్రాణం పోయినా చెప్పేవాడివి కాదు. నాకు తెలుసు.

గైడుకు అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీశారు. పని ఆపొద్దన్నారు. కుబుసం వెంటనే తెప్పించమన్నారు. దాని గురించి మనకు మిగిలింది అదొక్కటే. పంపు మామా. పతకం వద్దు. నాకు ఇప్పుడు దాన్ని చూసే ధైర్యం లేదు.

నేను రోజూ అనుకునేది ఒకటే. కారులో పోతున్నంతసేపూ అది గుడ్లను తిప్పుతూనే ఉండి ఉంటుంది. దానికి అడవి వదిలిపోయామని తెలిసి ఉండదు.

రూప

---

ప్రొద్దుటూరు,
ఏప్రిల్

రూపమ్మకు,

కుబుసం పంపుతున్నాను. దూది మార్చాను. దాన్ని మాత్రం అలీ అహ్మద్‌నే పెట్టమన్నాను.

అటవీశాఖవాళ్ళు వచ్చి నన్ను, అతన్ని కూర్చోబెట్టి రాసుకుపోయారు. బజారులో తలా ఒక మాట అంటున్నారు. అననీ. పతకం కరిగించేద్దామంటే అలీ అహ్మద్ ఒప్పుకోలేదు. "దాని రూపు ఇంగ యాడ చూస్తాం సామీ? ఉండనీ" అన్నాడు. ఇనప్పెట్టెలో అడుగున పెట్టాను.

మొన్న దువ్వూరు నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. నీలపు ఉంగరం చూపించాను. ఎప్పటిలాగే ఊరు చెప్పబోయి ఆపుకున్నాను. పెళ్ళికొడుకు తండ్రి, "ఏంది శెట్టీ, యాటి నీలమో చెప్పవా?" అన్నాడు. తెలీదన్నాను. అది సింహళం నీలమని నాకు బాగా తెలుసు. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఉంగరం పెట్టేసి లేచిపోయారు. పోనీ. ఆ నియమం నాతో ఆగిపోతే నష్టంలేదు.

మీయమ్మ నీకు ఒంట్లో బాగాలేదంది. తిను. నామీద కోపంతో అన్నం మీద అలగొద్దు.

మామ

---

జులై

మామా,

బాగున్నాను. మళ్ళీ పనిలోకి వచ్చాను. జగదీష్ కూడా ఉన్నాడు. వానలు ముందే పట్టుకున్నాయి, బట్టలు ఆరడంలేదు. అమ్మ పంపిన ఓలిగలు చీమలపాలు కాకముందే తిన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అలీ అహ్మద్ మాముకు సలాం చెప్పు. ఉత్తరం రాస్తే దువ్వూరు పోస్టాఫీసుకే రాయి, నాకు చేరుతుంది.

నీ రూప

---

ప్రొద్దుటూరు,
జులై

చిరంజీవి రూపకు మామ ఆశీస్సులు.

నీ చిన్న ఉత్తరం చదివాను. చదివి మళ్ళీ మొదటికి వచ్చి చూశాను. పైన ఊరు లేదు. పలక పట్టిన నాటి నుంచి ఉత్తరానికి ముందు ఊరు రాయాలని నీకు నేర్పిందే నేను, నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. పోయినేడు రాసినట్టు "పైఅడవి శిబిరం" అని కూడా లేదు. లోపల వాన ఉంది, ఓలిగలున్నాయి, పని గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకొకటి కనపడింది కదమ్మా?

జవాబు రాయొద్దు. అవునని గానీ కాదని గానీ రాయొద్దు. నాకు చెప్పకపోవడమే సరైన పని. నొచ్చుకోలేదని అబద్ధం చెప్పను. ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టి కూర్చున్నాను. నా ఒళ్ళో పెరిగిన పిల్ల నా దగ్గర ఊరు దాచిందంటే, అది నేను చేజేతులా తెచ్చుకున్నది. అయినా అదే ఖాళీని చూసి నేను పొంగిపోయాను కూడా. రెండూ ఒక్కసారే జరిగాయి.

ఆ సంతోషం పట్టలేక అలీ అహ్మద్‌కు చెబుదామని గద్దె దిగాను. అతను మీనా కాలుస్తున్నాడు. సగం దూరం పోయి నిలబడ్డాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

"ఏంది సామీ, నగుతాండావు?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఏమీ లేదన్నాను.

మీ మామ